మూడు గోధుమ మరకలు: ఒక సాంగ్ కాలపు స్టోన్‌వేర్ పూలకూజా కేస్ స్టడీ

వస్తువు ఒక మ్యూజియం సేకరణలోది. చైనాలో ఉత్తర సాంగ్ రాజవంశ కాలం (960–1127) నాటి త్సిజౌ రకం పూలకూజా. ఎత్తు 26.8 సెం.మీ., పొట్ట దగ్గర అడ్డుకొలత 14 సెం.మీ., బరువు 1.3 కిలోలు. మూతి ఆరు రేకుల పువ్వులా విచ్చుకుని ఉంటుంది. సన్నటి మెడ, బేరిపండు లాంటి పొట్ట, కింద గంటలా తెరుచుకున్న ఎత్తయిన పాదం. బొమ్మలేమీ లేవు. తెల్లమట్టి పూత, దాని మీద పారదర్శకమైన గ్లేజు (గాజులాంటి పూత), గ్లేజు నిండా పగుళ్ల వల, ఆ పగుళ్లలో గోధుమ రంగు. కూజా అందమంతా ఆ రంగులోనే ఉంది. పనిలో కష్టం కూడా అక్కడే ఉంది.

మరమ్మతు బల్ల మీదికి రావడానికి కారణాలు రెండు. మెడ దగ్గర పాత అతుకు కదులుతోంది, వేలితో తాకితే సన్నగా గరగరమంటోంది. మూతి మీద ఎప్పుడో పెట్టిన ప్లాస్టర్ పూడ్పు, దాని చుట్టూ వేసిన రంగు పసుపుపచ్చగా మారి కంటికి కొడుతున్నాయి. "శుభ్రం చేసి మళ్లీ అతకండి" అన్నది అడిగిన పని. అయితే శుభ్రం చేయాల్సిన గోధుమ రంగు ఏది, ముట్టుకోకూడని గోధుమ రంగు ఏది అన్నది తేలకుండా దూది పుల్ల తీయకూడదు.

మన ఇళ్లలో ఆవకాయ జాడీని పింగాణీ జాడీ అంటాం గానీ, అది నిజానికి స్టోన్‌వేరే. పింగాణీ తెల్లగా, పలచగా ఉండి వెలుతురుకి పట్టుకుంటే కాంతిని కొంచెం లోపలికి రానిస్తుంది. స్టోన్‌వేర్ మట్టిలో ఇనుము, టైటానియం ఎక్కువ. 1,200 డిగ్రీలు దాటాక రాయిలా గట్టిపడుతుంది గానీ వెలుతురు దూరదు, రంగు బూడిదకో లేత గోధుమకో తిరుగుతుంది. హెబెయి ప్రాంతంలోని త్సిజౌ బట్టీల కుమ్మరులకు దొరికిన మట్టి అలాంటిదే. అందుకే పాత్ర మీద ముందు తెల్లమట్టిని పలచటి గంజిలా పూసి, ఆరాక గ్లేజు వేసి, బొగ్గు బట్టీల్లో కాల్చేవాళ్లు. బట్టీ చల్లారేటప్పుడు గ్లేజు మట్టి కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, ఆ లాగుడికి సన్నగా చిట్లుతుంది. పగుళ్ల వల అలా వస్తుంది. పాత జాడీ గ్లేజు చిట్లినచోట కారం నూనె ఇంకి ఎర్రటి గీతలు కట్టడం చూసినవాళ్లకు, వందల ఏళ్లు మట్టిలో ఉన్న కూజా పగుళ్లలోకి ఏం దిగి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ రకం కూజాలు ఎక్కువగా జూలు అనే ఊరి పేరుతో చెలామణి అవుతాయి. 1108లో హ్వాంగ్ హో నది గట్టు తెగి ఆ ఊరు ఒండ్రు కింద కూరుకుపోయింది. 20వ శతాబ్దం రెండో దశకం చివర్లో అక్కడి రైతులు తవ్వకాల్లో పాత్రలు బయటికి తీశారు. ఇనుము కలిసిన భూగర్భ జలం ఎనిమిది వందల ఏళ్లు ఊరి, గ్లేజు పగుళ్లలో లేత గులాబీ నుంచి ముదురు గోధుమ దాకా రంగు నింపింది. సేకర్తలు ఆ రంగునే మెచ్చుకుని కొన్నారు. దాంతో టీ డికాక్షన్‌తో పగుళ్లకు రంగు ఎక్కించిన నకళ్లు కూడా బయల్దేరాయి. టీ రంగు కూజా అంతటా ఒకే చిక్కదనంతో, పైపైనే ఉంటుంది. భూమి పెట్టిన రంగు ఒక పక్క చిక్కగా, ఒక పక్క పలచగా, పాత్ర ఏ పక్కకి ఒరిగి పడి ఉందో చెబుతున్నట్టు ఉంటుంది. ఈ కూజాలో ఎడమ భుజం నుంచి పాదం దాకా ఒక పక్కే ముదురు.

పరీక్షల వరసలో ఒక జాగ్రత్త ఉంది. కాల్చిన కాలం తెలుసుకోవడానికి థర్మోల్యుమినిసెన్స్ పరీక్ష (మట్టిని వేడిచేసి, అది వెలువరించే కాంతిని కొలవడం) చేయించే ఉద్దేశం ఏ కాస్త ఉన్నా, పాదం అడుగు నుంచి పొడి నమూనా ఎక్స్‌రే కంటే ముందే తీయాలి. ఎక్స్‌రే కూడా రేడియేషనే. అది మట్టిలో ఏళ్ల తరబడి పేరుకున్న రేడియేషన్ లెక్కకు తన వాటా కలిపి వయసు తప్పుగా చూపిస్తుంది. నమూనా మసక ఎర్ర దీపం కిందే తీయాలి. ఈ వరస తప్పితే సరిచేసే దారి లేదు.

అతినీలలోహిత దీపం కింద, 365 నానోమీటర్ల దగ్గర, కూజా చాలావరకు మందమైన ఊదారంగులో ఉండిపోయింది. మెడ అతుకుల వెంట మాత్రం నారింజ రంగు గీతలు వెలిగాయి. అది లక్క. పాత రోజుల్లో అతుకుడు పనికి లక్కను మించిన సరుకు లేదు. మూతి చుట్టూ పసుపుపచ్చటి వెలుగు రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున కనిపించింది, జింక్ వైట్ అనే తెల్ల రంగు కలిసిన నూనె రంగు అలా వెలుగుతుంది. పూడ్పు ఉన్నది ఒకటిన్నర రేకు మేర. రంగు మాత్రం చుట్టూ ఉన్న అసలు గ్లేజు మీదికి పాకింది. పూడ్పు అంచును కనపడనీయకూడదని చేసిన పని అది. ఎక్స్‌రేలో పాదం దగ్గర రెండు ఇనప కుట్లు (విరిగిన పెంకుల్ని కలిపి పట్టి ఉంచే కొక్కేలు), వాటి కాళ్ల లోతు, వాలు స్పష్టంగా తేలాయి.

అంటే కూజా మీద గోధుమ రంగులు మూడు: భూమిది, లక్కది, తుప్పుది. మామూలు కంటికి మూడూ ఒక్కలాగే ఉంటాయి. విరిగిన అంచును స్టీరియో మైక్రోస్కోపు కింద 20 రెట్లు పెంచి చూస్తే ఏది ఏదో విడిపోతుంది.

అడ్డుకోతలో పైన గాజులా గ్లేజు, దాని కింద తెల్లమట్టి పూత, ఆ కింద బూడిద కలిసిన లేత గోధుమ మట్టి. భూమి పెట్టిన రంగు గ్లేజులో దారప్పోగులా నిట్టనిలువుగా దిగి, తెల్లమట్టిని తాకిన చోట అద్దుడు కాగితం మీద సిరాచుక్కలా రెండు పక్కలకీ విచ్చుకుంటుంది. లక్క రంగు పైనుంచి కాదు, విరిగిన ముఖం నుంచి లోపలికి పోతుంది. అంచు దగ్గర బాగా చిక్కగా ఉండి 2–3 మి.మీ. పోయేసరికి మాయమవుతుంది. తుప్పు రేణువుల్లా, కాస్త నారింజ వన్నెతో, కుట్టు రంధ్రం చుట్టూ సూర్యకిరణాల్లా పాకుతుంది. వీటన్నిటికంటే గట్టి గుర్తు ఒకటుంది. విరగడానికి ముందే ఉన్న మరక విరుపు గీతకు అటూ ఇటూ ఒకే చిక్కదనంతో కొనసాగుతుంది. విరిగాక చేరిన మరక విరుపు దగ్గర ముదిరి, దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. ప్రతి అతుక్కీ ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం తగవు తీరిపోతుంది.

మెడ, మూతి విరుపు ముఖాలు లక్క తప్ప మరే మరకా లేకుండా ఉన్నాయి, అంటే భూమిలోంచి వచ్చాక విరిగినవి. పాదం దగ్గర త్రికోణపు పెంకు కథ వేరు. దాని విరుపు ముఖం మీద, లక్క పొర కింద, సన్నటి ఒండ్రు అతుక్కుని ఉంది, ముఖమంతా గోధుమ రంగు పట్టింది. అది మట్టిలో ఉండగానే విరిగింది. కాబట్టి దాన్ని పట్టి ఉంచిన ఇనప కుట్లు తవ్వి తీశాక వేసినవి, పనితనం పాతదే అయినా. ఒండ్రు నమూనా సూదిమొనతో తీసి గాజు సీసాలో భద్రపరిచాం. ఆ ముఖాన్ని కడగకూడదని అక్కడే నిర్ణయమైంది.

విప్పడం మూతి, మెడ నుంచి మొదలైంది. వరస ఇది: ముందు రంగు, తర్వాత ప్లాస్టర్, ఆ తర్వాతే నీళ్లు, చివర లక్క. రంగు అసిటోన్ తడిపిన దూది పుల్లలకు వచ్చింది. ఒక్కో పుల్లను ఒక్క దొర్లింపుకే వాడాలి, రుద్దకూడదు. రుద్దితే కరిగిన రంగు పగుళ్లలోకి పోతుంది. ప్లాస్టర్‌ను పొడిగానే, 15వ నంబరు స్కాల్పెల్‌తో చెక్కి తీశాం. తడిపితే సులువుగా వచ్చేదే, కానీ ప్లాస్టర్ లీటరు నీటికి రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. ఆ సల్ఫేటు మట్టి రంధ్రాల్లోకి ఇంకి, ఆరాక స్ఫటికాలు కట్టి, తెల్లమట్టి పూతను గ్లేజుతో సహా పెళ్లలుగా ఎత్తుతుంది. త్సిజౌ పాత్రల్లో అసలే బలహీనమైన చోటు ఆ రెండు పొరల మధ్యే.

లక్క అతుకుల దగ్గర ముందుగా విరుపు గీత చుట్టూ డీ అయొనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో తడిపాం. రంధ్రాల్లో నీళ్లు నిండి ఉంటే, ఇథనాల్‌లో కరిగిన లక్క లోపలికి పోలేక అంచు దగ్గరే గడ్డకడుతుంది. ఇథనాల్ తడిపిన దూదిని అతుకు వెంట పెట్టి, పైన అల్యూమినియం రేకు చుట్టి, మొత్తాన్ని పాలిథిన్ గుడారంలో ఉంచాం. ద్రవం కంటే ఆవిరి నిదానం, మరక పాకదు. పాత లక్క ఏళ్లు గడిచేకొద్దీ కరిగే గుణం పోగొట్టుకుంటుంది, ఒక్కోసారి ఉబ్బి రబ్బరులా మెత్తబడుతుందే గానీ కరగదు. అప్పుడు తొందరపడి మెలితిప్పితే లక్క కంటే ముందు గ్లేజు అంచు ఊడుతుంది. నాలుగైదు గంటలకోసారి దూది తడుపుతూ మూడో రోజుకి మెడ విడిపోయింది. మెత్తబడిన అతుకు ఎప్పుడైనా జారిపోవచ్చు, అందుకని ప్రతి పెంకు కిందా నురుగు దిండు ముందే అమర్చాలి, గుడారాన్ని రాత్రంతా ఎవరూ లేకుండా వదలకూడదు. మొత్తం 8 ముక్కలు: పొట్టతో పెద్ద ముక్క, మెడవి 2, మూతివి 4, పాదానిది 1. మూతిలో ఒక రేకు పూర్తిగా, పక్క రేకులో సగం లేవు.

ఇనప కుట్ల గురించి వివరంగా చెప్పాలి, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. వజ్రపు బరమా లేనివాడు పింగాణీ పని ఒప్పుకోవద్దని చైనాలో సామెత. ఆ బరమాతో విరుపుకి రెండు పక్కలా రంధ్రాలు వేస్తారు. అవి పాత్ర మందంలో సగానికి పైగా దిగుతాయే గానీ అవతలికి పోవు, ఒకదానివైపు ఒకటి వాలి ఉంటాయి. కుట్టు కాళ్లు ఆ వాలులో బిగుసుకుని పెంకుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. జిగురు అక్కర్లేదు. కాబట్టి పటకారుతో నిటారుగా లాగితే వాలుగా ఉన్న కాలు రంధ్రం పెదవిని పెకిలించుకుని వస్తుంది. కుట్టును నడుమ సన్నటి ఆకురాయితో రెండుగా కోసి, ఒక్కో సగాన్ని దాని రంధ్రం వాలు వెంటే, విరుపు గీతకు దూరంగా తిప్పుతూ తీయాలి. కోసేటప్పుడు వచ్చే ఇనప రజను పగుళ్లలో పడకుండా చుట్టూ మైనం గట్టు కట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కుట్లను నేను తీయను. అవి వస్తువు చరిత్రలో భాగం. ఇక్కడ రెండూ తుప్పుపట్టి ఉబ్బి, ఒక రంధ్రం నుంచి కొత్త చీలిక బయల్దేరింది. ఉంచితే ఆ పెంకు రెండవుతుంది. తీసిన కుట్లను సిలికా జెల్ వేసిన డబ్బాలో, కూజా నంబరు రాసి, ఫైలుతో పాటే ఉంచాం.

తుప్పు మరకకు అగర్ (సముద్రపు నాచు నుంచి తీసేది) జెల్ పట్టు వేశాం. వంద మిల్లీలీటర్ల నీటికి 3 గ్రాముల అగర్, ఇనుమును పట్టి లాగే ట్రై అమ్మోనియం సిట్రేట్ 2 గ్రాములు, పీహెచ్ 7. జెల్ గట్టిపడ్డాక సెంటీమీటరు ముక్కలుగా కోసి, మరక మీద మాత్రమే 20 నిమిషాలు. ద్రవం చుట్టూ పాకకుండా జెల్ పట్టి ఉంచుతుంది. చిక్కల్లా ఒకటే. సిట్రేటుకు తుప్పు ఇనుమనీ, భూమి ఇనుమనీ తేడా తెలియదు. అందుకని మరకకు ఆనుకుని ఉన్న ఒక పాత పగుళ్ల గీతను సాక్షిగా ఎంచుకుని, ప్రతి విడత తర్వాత మైక్రోస్కోపులో దాన్నే చూశాం. నాలుగో విడత తర్వాత ఆ గీత రవ్వంత పలచబడినట్టు కనిపించగానే పని ఆపేశాం. తుప్పు నీడ కొంచెం మిగిలింది, మిగలనిచ్చాం. తర్వాత మందులేని అగర్ ముక్కలు మూడుసార్లు పెట్టి సిట్రేటు మిగలకుండా లాగేశాం. హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టు చాలామందికి అలవాటు. ఇలాంటి పాత్రకు అది వద్దు. ఇనుము తగలగానే పెరాక్సైడ్ బుడగలు కక్కుతుంది, ఆ బుడగల ఒత్తిడికి వదులుగా ఉన్న గ్లేజు లేస్తుంది. పైగా భూమి మరకలోని సేంద్రియ భాగాన్ని తెల్లబరుస్తుంది. బట్టల బ్లీచింగ్ మందు జోలికి అసలే పోకూడదు, అది క్లోరైడ్ ఉప్పును లోపల వదిలి పోతుంది.

ఉప్పులు తీయడానికి మెడ, మూతి ముక్కల్ని మాత్రమే నానబెట్టాం. బరువుకు పది రెట్లు డీ అయొనైజ్డ్ నీళ్లు, రోజుకోసారి వాహకత (నీటిలో ఉప్పు చేరితే పెరిగేది) కొలిచి నీళ్లు మార్చడం. వరసగా మూడు రోజులు కొత్త నీటి వాహకత పెద్దగా పెరగకపోతే ఆపవచ్చు. పొట్ట ముక్కను ముంచితే పాదంలోని ఒండ్రు కొట్టుకుపోతుంది. దాని మెడ అంచుకు కాగితపు గుజ్జు పట్టు వేసి సరిపెట్టాం. గ్లేజు వేసిన పాత్ర ఆరేది విరిగిన అంచుల్లోంచే, కాబట్టి నిదానం. రెండు వారాల పాటు తూకం వేస్తూ, బరువు తగ్గడం ఆగాకే జిగురు తీశాం. తడి మీద పారలాయిడ్ (అసిటోన్‌లో కరిగే ఆక్రిలిక్ జిగురు) వేస్తే అతుకు పాలలా తెల్లబడి బలహీనమవుతుంది.

జిగురు ఎంపికకు వాతావరణం ముఖ్యం. పారలాయిడ్ బి-72 దాదాపు 40 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. చల్లటి దేశాల్లో అది సమస్యే కాదు. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు ఏసీ లేని స్టోరు గది మే నెలలో ఎలా ఉంటుందో తెలుసు. బరువు పడే అతుకు ఆ వేడికి కనిపించకుండా జారుతుంది. మూడు వంతుల బి-72కి అదే జాతి జిగురు బి-48ఎన్ ఒక వంతు కలిపితే మెత్తబడే ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పెరుగుతుంది, అసిటోన్‌లో మళ్లీ కరిగే గుణం మాత్రం పోదు. అసిటోన్‌లో 45 శాతం చిక్కదనంతో అదే వాడాం. పింగాణీ పనిలో వాడే ఎపాక్సీ ఇంకా గట్టిది, కానీ రంధ్రాలున్న మట్టిలోకి దిగితే తిరిగి రాదు. మెడ పైన మోయాల్సిన బరువు రెండు వందల గ్రాములు కూడా ఉండదు, అంత బలం అక్కర్లేదు.

అతికే ముందు జిగురు లేకుండా ముక్కలన్నీ ఒకసారి కూర్చి చూడాలి. మూతిలో రెండు పెంకులు ఒకదాని వెనక ఒకటి తాళంలా పడే రకం, వరస తప్పితే చివరి పెంకు ఇమడదు. మెడ అతుకులో 0.1 మి.మీ. ఎత్తు తేడా మూతి దగ్గరికి వచ్చేసరికి గోరంతలు కొండంతలైనట్టు పెరుగుతుంది. టేపు కట్టాల్సిన చోట గ్లేజు గట్టిగా ఉందో లేదో ముందే చూసి, అనుమానం ఉన్నచోట జపనీస్ టిష్యూ అనే పలచటి కాగితం అంటించి దాని మీద టేపు వేశాం. పాదం పెంకుకు రాలే ఒండ్రును మాత్రం కుంచెతో దులిపి, మిగతాదాన్ని 5 శాతం పారలాయిడ్‌తో స్థిరపరిచి దాని మీదే అతికాం. అతుకు వెంట్రుకవాసి మందంగా వచ్చింది, అంతే.

లేని రేకుకు అచ్చు ఎదురుగా ఉన్న రేకు నుంచి తీశాం. సిలికాన్ పుట్టీ ఇక్కడ పనికిరాదు. అందులోని నూనె పగుళ్ల గుండా తెల్లమట్టిలోకి దిగి నాలుగో మరక అవుతుంది. గోరువెచ్చటి నీళ్లలో మెత్తబరిచిన డెంటల్ మైనం, దానికీ గ్లేజుకీ మధ్య పలచటి క్లింగ్ ఫిల్మ్. 100 గ్రాముల డెంటల్ స్టోన్‌కు (పళ్ల అచ్చులకు వాడే గట్టి ప్లాస్టర్) 30 మి.లీ. నీళ్లు కలిపి, విరుపు అంచు మీద కూడా ఫిల్మ్ పరిచి పోశాం. గట్టిపడ్డాక పూడ్పు విడిగా ఊడి వచ్చింది. నునుపు పని అంతా బల్ల మీదే జరిగింది: 400, 800, 1,200 నంబర్ల కాగితాలతో. కూజా మీద ఉంచి రుద్దితే ఏమవుతుందో మూతి చుట్టూ పాత గీతలే చెబుతున్నాయి. కాగితం మీది గరుకు గ్లేజు కంటే ఎంతో గట్టిది. ఒకప్పుడు పూడ్పును సమం చేయబోయి అసలు గ్లేజును వెడల్పాటి పట్టీ మేర మసకబార్చారు, ఆ మెరుపు తిరిగి రాదు. పూడ్పుకు 10 శాతం పారలాయిడ్ పట్టించి, రంగు వేసి, ఆ తర్వాతే అతికాం. రేపు తీయాలన్నా అసిటోన్ దూది చాలు.

త్సిజౌ తెలుపు తెలుపు కాదు. టైటానియం వైట్‌లో రా అంబర్ (గోధుమ మట్టిరంగు), యెల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) చిటికెడు, నలుపు సూదిమొనంత కలిపి అడుగు రంగు. దాని మీద పలచటి పారదర్శక పొరలు నాలుగైదు, ప్రతిదానికీ గాజు మెరుపున్న ఆక్రిలిక్ మాధ్యమం. పగటి వెలుతుర్లో సరిపోయిన రంగు గ్యాలరీ ఎల్ఈడీ కింద గులాబీగా తిరగవచ్చు, రెండు చోట్లా పెట్టి చూడాలి. రంగు పూడ్పు గీత దాటలేదు. పూడ్పు మీద పగుళ్ల వల గీయలేదు. సేకర్తకు గీస్తే నచ్చుతుంది, కానీ ఆ గీతలు ఒండ్రు పెట్టిన సాక్ష్యం, కుంచెతో కల్పించేవి కావు. వలకు బదులు లేత గోధుమ నీడ వేశాం. రెండు మీటర్ల దూరం నుంచి మూతి ఒక్కటిగా కనిపిస్తుంది, జానెడు దూరం నుంచి చూస్తే ఏది కొత్తదో తెలుస్తుంది.

ఎత్తేటప్పుడు ఒక చెయ్యి పాదం కింద, ఒక చెయ్యి పొట్టకు. మెడ పట్టుకుని ఎత్తకూడదు, కాటన్ గ్లౌజులు జారతాయి కాబట్టి నైట్రైల్ గ్లౌజులే వాడాలి. గాలిలో తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. ఏటా జూన్‌లో, ఎండలు తగ్గాక, మెడ అతుకును పక్క వెలుతుర్లో చూసి పొట్ట, మెడ గీతలు కలిసే చోటును ఫొటోతో పోల్చాలి. పాదం దగ్గర ఎడమ కుట్టు రంధ్రం నుంచి బయల్దేరిన చీలిక ఇప్పుడు 6 మి.మీ. దాని కొస ఎక్కడుందో ఫైల్లోని ఫొటో మీద గుర్తుపెట్టి ఉంది. అది పెరిగితే గ్యాలరీ నుంచి దించేయాలి.